మెట్లు, మేడలు, మోటుపల్లి: జెనోవాలో నాలుగు రోజులు

ఇటలీ రేవు పట్నం జెనోవాలో గది మాట్లాడుకునేటప్పుడు ఫొటోలు తర్వాత చూడొచ్చు, ముందు లిఫ్టు ఉందా అని అడగండి. ఉంది అంటే, ఏ అంతస్తు నుంచి మొదలవుతుందో కూడా అడగండి. మేము రెండో ప్రశ్న అడగలేదు. పాత ఊళ్లో నాలుగో అంతస్తులో ఫ్లాటు తీసుకున్నాం. లిఫ్టు ఉంది, కానీ అది రెండో అంతస్తు నుంచి పైకి! కింద రెండు అంతస్తులూ నున్నగా అరిగిపోయిన పాతకాలపు మెట్లు. మన ఇళ్లలో రెండంతస్తుల ఎత్తుకి ఇక్కడ ఒక అంతస్తు. దబ్బకాయ పచ్చడీ, కందిపొడీ ఉన్న సూట్‌కేసు మావారు ఒక్కో మెట్టూ ఎక్కిస్తుంటే నేను వెనకాల నుంచి మోకాళ్లు పట్టుకుని ఎక్కాను. ఇంటివాళ్లని అడిగితే "లిఫ్టు ఉందని రాశాం కదా" అన్నారు. నిజమే, రాశారు.

అసలు ఆ ఇంటి దాకా రావడమే పెద్ద పని. పాత ఊరంతా కరుజ్జి అనే సందులు. మన ఊళ్లలో రెండిళ్ల మధ్య పిల్లి దూరే సందు ఉంటుందే, అంత వెడల్పు దారికి అటూ ఇటూ ఆరేడు అంతస్తుల మేడలు నిలబెడితే ఎలా ఉంటుందో అలా. మధ్యాహ్నం పన్నెండుకి కూడా నేల మీద ఎండ పడదు. టాక్సీ రాదు. ఫోన్లో మ్యాపు ఒకసారి మమ్మల్ని సముద్రంలో చూపించింది. రాతి పలకల మీద సూట్‌కేసు చక్రాలు చేసే చప్పుడుకి పై కిటికీలు తెరుచుకుని జనం చూశారు. అక్టోబరు చివర, పైగా వాన.

మా అమ్మాయి మిలాన్‌లో ఉద్యోగం చేస్తోంది. నెల రోజులకి వెళ్లాం. వెనిస్, ఫ్లోరెన్స్, రోమ్ దాని పట్టికలో ముందే ఉన్నాయి, జెనోవా మాత్రం నా పట్టు. "అక్కడేముందమ్మా, అక్వేరియం తప్ప" అంది. దాని స్నేహితులంతా పొద్దున రైలెక్కి అక్వేరియం చూసుకుని సాయంత్రానికి మిలాన్‌లో దిగిన బాపతు. నాది చీరాల. ముప్పై ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పాను. మా పక్కనే ఉన్న మోటుపల్లి గురించి మార్కో పోలో ప్రపంచానికి చెప్పింది జెనోవా జైల్లో కూర్చుని. ఈ మాట ఎంతమంది పిల్లలకి చెప్పానో. ఇటలీ దాకా వెళ్లి ఆ చోటు చూడకపోవడం ఏం బాగుంటుంది?

రైలు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అదే దాని గొప్ప. మిలాన్ సెంట్రల్ నుంచి జెనోవా పియాజ్జా ప్రిన్చిపే స్టేషనుకి రైలును బట్టి గంటన్నర నుంచి రెండు గంటలు. ఊళ్లో రెండు పెద్ద స్టేషన్లున్నాయి. పాత రేవు వైపు బస చేస్తే ప్రిన్చిపేలో, కొత్త బజారు వైపైతే బ్రిన్యోలేలో దిగాలి. ప్రాంతీయ రైలుకి కాగితం టికెట్ కొంటే ప్లాట్‌ఫారం మీద మెషీన్లో ముద్ర వేయించుకోవడం మర్చిపోవద్దు.

ఫ్లాటులో ఒక్క రాత్రే ఉన్నాం. కింద బార్ల సందడి రెండింటి దాకా, ఆ తర్వాత చెత్త బండ్లు. మర్నాడు ప్రిన్చిపే స్టేషను దగ్గర ఒక చిన్న హోటల్‌కి మారిపోయాం. ఫ్లాటు డబ్బులు పోయాయి. హోటల్లో గది అగ్గిపెట్టె అంతే, కానీ లిఫ్టు నేల మీద నుంచి ఉంది! కౌంటరులో కూర్చునే పెద్దాయన, మేం మాంసం, చేపా తినమని తెలిసిన దగ్గర్నుంచీ పొద్దున్నే మా బల్ల మీద పళ్లూ జున్నూ అదనంగా పెట్టించేవాడు. వేడినీళ్ల కెటిల్ అడిగితే తన సొంతది తెచ్చిచ్చాడు. తలకింత అని ఊరి పన్ను వేరేగా కట్టించుకుంటారు, అది ఎక్కడైనా తప్పదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి నా సలహా ఒకటే: పగలంతా సందుల్లో తిరగండి, రాత్రి మాత్రం బస్సు ఆగే రోడ్డు మీద పడుకోండి.

తమాషా ఏమిటంటే అతిథులకి ఇళ్లు ఇవ్వడంలో ఈ ఊరిది నాలుగున్నర శతాబ్దాల అనుభవం. అప్పట్లో జెనోవాకి రాజు లేడు, అదొక వర్తకుల రిపబ్లిక్కు. కాబట్టి రాజభవనమూ లేదు. మరి పైదేశపు ప్రభువో రాయబారో వస్తే ఎక్కడ దించాలి? ధనవంతుల మేడలని స్థాయిని బట్టి తరగతులు చేసి పట్టికలు రాశారు, 1576 నుంచి. వాటి పేరే రోల్లి. వచ్చిన మనిషి హోదాని బట్టి, ఆ తరగతి ఇళ్లలోంచి చీటీ తీసేవారు. చీటీ ఎవరికి తగిలితే వాళ్లు ఆతిథ్యం ఇచ్చి తీరాలి. మాకు తగిలిన చీటీ ఏ తరగతిదో మావారు రెండు రోజులు తలుచుకున్నారు.

ఆ మేడల్లో 42 భవనాలనీ, వాటి వీధులనీ కలిపి 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. వాటిలో మకుటం గరిబాల్డి వీధి. పాత పేరు స్ట్రాదా నువోవా, అంటే కొత్త వీధి. ఆ కొత్తదనం 1550ల నాటిది. చీకటి సందులోంచి హఠాత్తుగా అందులోకి వస్తాం. పొడవు పావు కిలోమీటరే. రెండు వైపులా ఖాళీ లేకుండా మేడలు. చాలావాటిలో ఇప్పుడు బ్యాంకులూ ఆఫీసులూ ఉన్నాయి. పని రోజుల్లో ముందు గేటు తెరిచే ఉంటుంది కాబట్టి లోపలి హాలు కప్పు మీది బొమ్మలు వీధిలోంచే చూడొచ్చు. తల పైకెత్తి నడవాలి, కుక్కలు పెంచుకునే ఊరు కాబట్టి మధ్యమధ్య కిందికీ చూసుకోవాలి.

ఈ వీధిలో మూడు మేడలు, రోస్సో, బియాంకో, తుర్సి, ఒకే టికెట్‌తో చూసే మ్యూజియాలు. ఈ ప్రయాణంలో డబ్బుకి తగ్గ విలువ దొరికింది ఇక్కడే. ఎర్రమేడ రోస్సోని బ్రిన్యోలే సాలే కుటుంబపు ఆడపడుచు, గల్లియేరా డచెస్ మరియా, 1874లో బొమ్మలతో సహా ఊరికి రాసిచ్చింది. వాన్ డైక్ గీసిన ఆ ఇంటివాళ్ల పటాలు ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నాయి. మ్యూజియంలో ఉన్నట్టుండదు, ఇంటివాళ్లు ఊరెళ్లినప్పుడు మనం లోపలికొచ్చినట్టు ఉంటుంది. పైకప్పు మీదికి వెళ్లనిస్తారు, చివర్లో కాసిని మెట్లున్నాయి. ఎక్కండి. బూడిదరంగు పలకరాయి కప్పులూ, వాటి మధ్య డాబా తోటలూ, చివర రేవులో ఓడలూ. కింద సందుల్లో ఊపిరాడని ఊరికి పైన ఇంత ఆకాశం ఉందా అనిపించింది.

తుర్సి మేడలో సగం నగరపాలక సంస్థ కార్యాలయం. మిగతా భాగంలో ఒక గాజు పెట్టె ముందు అందరూ నిలబడిపోతారు. అందులో ఉన్నది పేరుమోసిన వయొలిన్ విద్వాంసుడు పగనీనీ వాయించిన వయొలిన్. క్రెమోనాలో గ్వర్నేరి దెల్ జేసు 1743లో చేసింది. శబ్దం అంత పెద్దదని పగనీనీ దానికి ఫిరంగి, ఇల్ కన్నోనె, అని పేరు పెట్టుకుని, చివరికి తాను పుట్టిన ఊరికే రాసిపోయాడు. వయొలిన్ ఒంటి మీద ఆయన గడ్డం ఆనించిన చోట వార్నిషు అరిగిపోయి ఉంటుంది. మావారికి కర్ణాటక సంగీతం పిచ్చి, ద్వారం వెంకటస్వామి నాయుడిగారి రికార్డులు ఇప్పటికీ దాచుకున్నారు. ఆ పెట్టె ముందు ఇరవై నిమిషాలు నిలబడ్డారు. ఊరికే పెట్టెలో ఉంచితే వాయిద్యం చచ్చిపోతుందని అప్పుడప్పుడూ బయటికి తీసి వాయిస్తారని అక్కడున్నామె చెప్పాక గానీ ఆయన మనసు కుదుటపడలేదు.

బియాంకోలో కరవాజ్జోదని చెప్పే ఏసు బొమ్మా, రూబెన్సు బొమ్మా చూశాం. అప్పటికే కాళ్లు లాగేస్తున్నాయి. మ్యూజియం దుకాణంలో దొరికిన ఒక పోస్టుకార్డు మాత్రం నాకు ఆ గదులన్నిటికన్నా ఎక్కువ గుర్తుంది. దాని మీద మెజ్జారో అనే శాలువా ఉంది. పద్దెనిమిది, పంతొమ్మిది శతాబ్దాల్లో జెనోవా ఆడవాళ్లు తల మీంచి కప్పుకునే పెద్ద గుడ్డ. మధ్యలో కొమ్మలు మెలికలు తిరిగిన చెట్టు, కొమ్మల నిండా పువ్వులూ పిట్టలూ. చూడగానే "ఇది మన బందరు కలంకారీ కదే!" అన్నాను. తర్వాత చదివితే తేలింది. కోరమాండల్ తీరం నుంచి యూరప్ వెళ్లిన పాలంపోర్ దుప్పట్లని చూసి, వాటి పద్ధతిలోనే ఇక్కడ అద్దకం మొదలుపెట్టారట. బట్ట సంగతికొస్తే జీన్స్ అన్న మాట కూడా జెనోవాకి ఫ్రెంచివాళ్ల పేరు జెన్ నుంచి పుట్టిందే. కెథడ్రల్ పక్కనున్న డయోసిస్ మ్యూజియంలో పదహారో శతాబ్దం నుంచి వచ్చిన పద్నాలుగు పెద్ద నార గుడ్డలున్నాయి. నీలిమందు వేసి, దాని మీద తెల్ల రంగుతో ఏసు కడపటి రోజుల కథ గీశారు. చీరాల మగ్గాల మధ్య పెరిగిన మనిషికి వాన్ డైక్ కన్నా ఆ గుడ్డలే దగ్గరగా అనిపిస్తే తప్పు పట్టకండి.

కెథడ్రల్ పేరు సాన్ లొరెంజో. నలుపూ తెలుపూ రాతి చారలు. లోపల కుడి వైపు గోడ దగ్గర మనిషి నడుం దాటి ఎత్తున్న ఫిరంగి గుండు నిలబెట్టి ఉంటుంది. 1941 ఫిబ్రవరి 9న ఇంగ్లీషు నౌకాదళం ఊరి మీద కురిపించిన గుళ్లలో ఇదొకటి. గోడ చీల్చుకుని లోపల పడి పేలలేదు. మరియమ్మ దయ అని కృతజ్ఞత చెబుతూ పక్కనే రాయి చెక్కించారు. కింద నేలమాళిగలో ఖజానా మ్యూజియం ఉంది. ఆకుపచ్చ గాజు పళ్లెం ఒకటి అందులో అసలు సంగతి. జెరూసలేం కోసం జరిగిన మొదటి క్రూసేడ్ మతయుద్ధాల కాలంలో పాలస్తీనా తీరంలోని సిజేరియా నుంచి తెచ్చుకున్నారు. శతాబ్దాల పాటు దాన్ని మరకతం అనుకున్నారు, ఏసు కడపటి భోజనపు పాత్ర అనుకున్నారు. నెపోలియన్ పారిస్ పట్టుకుపోయాడు, తిరిగొచ్చేసరికి ముక్కలైంది. పగిలాక గాజని ఒప్పుకోక తప్పలేదు. అయినా తీసి పక్కన పడెయ్యలేదు, అతికించి గౌరవంగా పెట్టుకున్నారు.

ఇక నేను వచ్చిన పని. పాత రేవు ఎదురుగా, ఎత్తు రోడ్డు వంతెన పక్కనే పలాజ్జో సాన్ జోర్జో. 1260 నాటి కట్టడం. సముద్రం వైపు గోడంతా రంగుల బొమ్మలు. ఇప్పుడు రేవు అధికారుల కార్యాలయం కాబట్టి లోపలికి మామూలుగా వెళ్లనివ్వరు. 1298లో వెనిస్, జెనోవాల మధ్య జరిగిన సముద్రపోరులో జెనోవా గెలిచింది. వెనిస్ వాడైన మార్కో పోలో ఖైదీ అయ్యాడు. ఈ భవనంలోనే ఉంచారని ఇక్కడ చెప్పుకుంటారు. తోటి ఖైదీ పీసా ఊరి రుస్తికెల్లో. పోలో చెబుతుంటే అతను రాశాడు. ఆ చెప్పినవాటిలోనే ముత్ఫిలి రాజ్యం ఉంది: భర్త పోయాక నలభై ఏళ్లు న్యాయంగా ఏలిన రాణి, లోయల్లో వజ్రాలు, సాలెగూడంత సన్నని బట్టలు, వాటిని కట్టుకోవడానికి ఏ రాజైనా రాణైనా ముచ్చటపడతారన్న మాట. ముత్ఫిలి మన మోటుపల్లి. ఆ రాణి రుద్రమదేవేనని చరిత్రకారులు అంటారు. ఆవిడ గణపతిదేవుడి భార్య కాదు, కూతురు. పోలో గారికి అక్కడ పొరపాటు పడింది. ఈ తప్పు దిద్దమని పరీక్షలో ప్రశ్న ఇచ్చేదాన్ని.

వాన తగ్గాక ఎదురుగా గట్టు మీద కూర్చున్నాను. ఈ భవనమే తర్వాత శతాబ్దాల తరబడి సుంకం వసూలు చేసే చోటు. మోటుపల్లి వీరభద్రస్వామి గుడి మంటపంలో గణపతిదేవుడి శాసనం ఉంది, 1244 నాటిది. ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొచ్చిన సరుకుని పూర్వపు రాజులు లాక్కునేవారు, మేం మాత్రం సుంకం ఒక్కటే తీసుకుంటాం అని సముద్ర వర్తకులకి అభయం. అక్కడ ఆ రాయి, ఇక్కడ ఈ గోడ. "ఫొటో తియ్యవే" అంటే అమ్మాయి మూడు తీసింది. మూడింట్లోనూ వెనక వంతెన మీది లారీలే పడ్డాయి.

పాత రేవుని 1992లో, కొలంబస్ యాత్రకి అయిదు వందల ఏళ్లు నిండినప్పుడు, ఈ ఊరివాడే అయిన ఆర్కిటెక్టు రెంజో పియానో తిరగ తీర్చాడు. అక్వేరియం అప్పటిదే. మనిషికి సుమారు 30 యూరోలు. చిన్నపిల్లలుంటే వెళ్లండి, ఐరోపాలో పెద్దవాటిలో ఒకటి. మేం ఆ డబ్బుని గలతా సముద్ర మ్యూజియానికి మళ్లించాం, మూడున్నర గంటలు బయటికి రాలేదు.

గలతాలో పదిహేడో శతాబ్దపు తెడ్ల ఓడని అసలు కొలతల్లో మళ్లీ కట్టి పెట్టారు. పక్కన తెడ్డు వేసినవాళ్ల కథ. వాళ్లు మూడు రకాలు: యుద్ధంలో పట్టుబడిన బానిసలు, శిక్ష పడ్డ నేరస్తులు, బోనావోల్యా అనేవాళ్లు. ఆ మాటకి ఇష్టపూర్వకంగా వచ్చినవాడని అర్థం. అసలు సంగతి, వాళ్లలో చాలామంది అప్పు తీర్చలేక గొలుసు కట్టించుకున్నవాళ్లు! మన పల్లెల్లో అప్పుకింద పాలేరు కుదిరినవాళ్ల కథలు తాతగారి నోట విన్నాను. పేరు పెట్టే తెలివి అన్ని దేశాల్లోనూ ఒకటే.

పై అంతస్తులో వలసల భాగం ఉంది. అమెరికా, అర్జెంటీనా, బ్రెజిల్ వెళ్లడానికి లక్షలమంది ఇటాలియన్లు ఓడెక్కింది ఈ రేవులోనే. మూడో తరగతి పడకలు, ఓడ వైద్యుడి గది, న్యూయార్కు చేరాక అడిగే ప్రశ్నలు. ఏం పని చేస్తావు, చేతిలో డబ్బెంత, ఎవరి దగ్గరికి వెళ్తున్నావు. మా అమ్మాయి ఆ బెంచీ మీద కూర్చుని, "రెసిడెన్స్ పర్మిట్‌కి నన్నూ ఇవే అడిగారు" అంది. ఆ తర్వాత గదుల్లో ఇప్పుడు ఇటలీకి వస్తున్నవాళ్ల కథలు పెట్టారు, దాచకుండా. బయట నీళ్లలో నజారియో సౌరో అనే పాత జలాంతర్గామి ఉంది. నెత్తికి హెల్మెట్ ఇచ్చి పంపుతారు. మావారు ఆరడుగుల మనిషి, ఆ హెల్మెట్ ఎందుకో లోపల నాలుగుసార్లు తెలిసింది.

తిండి సంగతికొస్తే, శాకాహారులకి ఇటలీలో ఇంత హాయైన ఊరు ఇంకోటి నాకు తగల్లేదు. ఫరినాతా అని ఒకటుంది. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. పెద్ద రాగి పళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. అంచు కరకర, మధ్య మెత్తన. మా ఇంటి శనగపిండి అట్టుకి దూరపు చుట్టం. పచ్చిమిరపకాయలు లేవని ఒకటే దిగులు. 1284లో మెలోరియా దగ్గర పీసాని ఓడించి తిరిగొస్తుంటే తుఫానులో శనగపిండీ ఉప్పునీళ్లూ కలిసిపోయి ఇది పుట్టిందని ఒక కథ. రుస్తికెల్లో పట్టుబడింది కూడా ఆ యుద్ధంలోనే అంటారు, అంటే ఒకే పోరులోంచి ఒక అట్టూ ఒక లేఖకుడూ. ఫొకాచ్చా రొట్టెని పొద్దున పాలకాఫీలో ముంచుకు తింటారు. చూసి నవ్వాం, మూడో రోజుకి మేమూ ముంచాం. పెస్తోలో తులసికి దగ్గరి జాతి ఆకు, గింజలు, వెల్లుల్లి, జున్ను. మన రోటిపచ్చడిలాగే రాతి రోట్లో నూరేది. కానీ వేరే సాసుల్లో చిన్న చేపలు కలుపుతారు, అడిగి తినండి. కాఫీ నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే ఇంకో ధర. ఒక హోటల్లో బల్ల ఖర్చు చూసి మావారు "కూర్చున్నందుకా?" అని గట్టిగానే అన్నారు.

కొలంబస్ ఇల్లు పాత కోట గుమ్మం పోర్తా సొప్రానా పక్కనే. తండ్రి ఉన్ని నేసేవాడు. అసలు ఇల్లు పోయింది, ఇప్పుడున్నది పద్దెనిమిదో శతాబ్దంలో మళ్లీ కట్టింది. బయట నుంచి చూసి, పక్కనే ఉన్న పాత మఠపు స్తంభాల నడవాలో కాసేపు కూర్చుని వచ్చేశాం. ఊరి బస్సుతో పాటు కొండ ఎక్కించే లిఫ్టులూ తాడు రైళ్లూ కూడా ఒకే సంస్థవి. కస్తెల్లెత్తో లిఫ్టు తప్పకుండా ఎక్కండి. సొరంగంలో నడిచి, చెక్కపెట్టె లాంటి దాన్లో ఎక్కితే పైన ఊరంతా కాళ్ల కింద ఉంటుంది. సూర్యాస్తమయానికి అరగంట ముందు వెళ్లాలి.

సోమవారం చాలా మ్యూజియాలకి సెలవు. ఆ రోజు స్తల్యేనో శ్మశానానికి వెళ్లాం. పొద్దున్నే శ్మశానమేంటని మావారు గొణిగారు. 1851లో తెరిచారు, ప్రవేశం ఉచితం. మండపాల్లో వరుసగా పాలరాతి మనుషులు. తలుపు తట్టే భార్య, మంచం పక్కన కొడుకు, కోటు బొత్తాములతో సహా. వాళ్లలో ఒకావిడ కతెరీనా కాంపొదోనికో. తిరునాళ్లలో హేజిల్ కాయల దండలూ, చక్రాల్లాంటి రొట్టెలూ అమ్ముకుని బతికింది. దాచుకున్న డబ్బంతా పెట్టి, ధనవంతుల బొమ్మలు చెక్కే ఒరెంగో చేత 1881లో, బతికుండగానే, తన బొమ్మ చేయించుకుంది. చేతుల్లో ఆ దండలూ ఆ రొట్టెలూ. శాలువా కుచ్చులు, జాకెట్టు లేసు, ముడతలు పడ్డ వేళ్లు, అన్నీ పాలరాయే. బంధువులు ఈసడించారట. ఇప్పుడు జనం వెతుక్కుంటూ వచ్చేది ఆవిడ దగ్గరికే. చీరాలలో తిరునాళ్లకి ఖర్జూరాలూ జీళ్లూ అమ్మే సుబ్బమ్మగారు ఇలా నిలబడితే ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. మావారు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నీకెంతవుతుందో కనుక్కోనా?" అన్నారు.

చూడకుండా వదిలేసినవి చాలానే ఉన్నాయి. రాజభవనం అని పిలిచే పలాజ్జో రియాలే, కియొస్సోనె జపాను బొమ్మల మ్యూజియం, నెర్వి సముద్రపు ఒడ్డు నడక. ఊరి గుర్తైన లాంతెర్నా దీపస్తంభాన్ని కూడా దూరం నుంచే చూశాం. 1543 నుంచి అక్కడే నిలబడి ఉంది. మనల్ని ఎక్కనిచ్చేంత వరకూ 172 మెట్లు అని తెలిసి, రైలుకి టైమవుతోందన్నాం.